నల్ల రాయి సైజు రాసేటప్పుడు రెండు అంకెలు వేయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో గ్రహశకలాల మీద, అంటే సూర్యుడి చుట్టూ తిరిగే రాళ్ల మీద, ఒక పేజీ వేశారు. చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా చదివాను. సంతోషమే. కానీ రెండు విషయాలు నాకు మింగుడు పడలేదు. ఒకటి బొమ్మ. బెన్ను అనే గ్రహశకలాన్ని కొలిమిలోంచి అప్పుడే తీసిన ఇనప ముద్దలా ఎర్రగా, చుట్టూ మంటలతో వేశారు. రెండోది ఆ కిందున్న పట్టిక. భూమి దాపులకి వచ్చిపోయే నాలుగు రాళ్ల పేర్లు రాసి, ఒక్కోదానికీ సైజు ఇన్ని మీటర్లని ఒకే ఒక్క అంకె ఇచ్చారు, కాటా మీద పెట్టి తూచినట్టు. కాటా సంగతి నాకు కొంత తెలుసు కాబట్టి ఈ ఉత్తరం.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో ముప్పై రెండేళ్లు గుమాస్తాగా చేశాను. అంతకుముందు బీఎస్సీలో ఫిజిక్స్ చదివాను. చదివినదానికీ చేసే పనికీ పొంతన లేదని మా నాన్న పోయేదాకా బాధపడుతూనే ఉన్నారు. నాకు మాత్రం అలా అనిపించలేదు. టిక్కీ, అంటే మిర్చి బస్తా, విప్పి కాయ పోస్తే, దాని మీద పడిన వెలుగులో ఎంత తిరిగొస్తోంది, ఏ రంగులో తిరిగొస్తోంది అని చూడటమే కదా గ్రేడింగ్ అంటే. ఎక్కడో ఆకాశంలో ఉన్న రాయిని చూసి అది ఏ రకమో చెప్పేవాళ్లు చేసేదీ ఇదే. మేము కాయ విరిచి, గింజ చూసి, వాసన చూసి చెబుతాం. వాళ్లకి ఆ వీలు లేదు.

ముందు బొమ్మ సంగతి. బెన్ను మీద నూరు పాళ్ల ఎండ పడితే తిరిగొచ్చేది నాలుగు పాళ్లు, ఆ పైన కాస్త. కొత్తగా వేసిన తారు రోడ్డు ఎంత నలుపో అదీ అంతే నలుపు. అమెరికా వాళ్ల ఒసైరిస్ రెక్స్ అంతరిక్ష నౌక అక్కణ్నుంచి తవ్వి, 2023 సెప్టెంబరు 24న భూమికి చేర్చిన 121.6 గ్రాముల సరుకూ నల్లటి పొడీ, రాతి ముక్కలే. జపాన్ హయబుసా2 నౌక ర్యుగు అనే గ్రహశకలం నుంచి 2020 డిసెంబరులో తెచ్చిన 5.4 గ్రాములూ బొగ్గు నుసిలాగే ఉంది. 1997లో నియర్ నౌక మెటిల్డా అనే గ్రహశకలాన్ని దగ్గరగా చూసి వచ్చాక, దాని మీది గుంటలకి భూమ్మీద బొగ్గు దొరికే చోట్ల పేర్లే పెట్టారు, అంత నలుపు మరి. మన దేశం నుంచి దామోదర్ పేరు ఉంది. సింగరేణికి చోటు దొరకలేదని నాకు కాస్త చిన్నతనంగానే ఉంది, ఆ సంగతి వదిలేయండి.

మీ వ్యాసంలో బెన్నుని 'నీలి గ్రహశకలం' అన్నారు. తప్పని అనను. పుస్తకాల్లో అది బి తరగతి, దాన్ని నీలం అనే అంటారు. కాకపోతే ఆ నీలం ఆకాశం నీలం కాదు. ఇంట్లో రెండు నల్ల గొడుగులున్నాయనుకోండి. ఒకటి కొత్తది, ఒకటి పదేళ్ల పాతది. విడివిడిగా చూస్తే రెండూ నలుపే. పక్కపక్కన పెడితే పాతది వెలిసి కాస్త గోధుమ రంగుకి తిరిగిందని తెలుస్తుంది. నల్ల గ్రహశకలాల్లో రంగు అంటే ఈ తేడానే. నీలం వైపు రవ్వంత మొగ్గితే బి, మొగ్గు పెద్దగా లేకపోతే సి, ఎరుపు వైపు బాగా మొగ్గితే డి. అన్నీ బొగ్గు నలుపులే.

ఇంత చిన్న తేడా పట్టుకోవాలంటే మచ్చు కావాలి. ఓ ఏడాది మార్చిలో సీజన్ ముమ్మరంగా ఉండగా, పొద్దు గుంకాక ట్యూబులైటు కింద చూసి ఒక లాటుకి మంచి రంగు అని చెప్పాను. తెల్లారి ఎండలో పోస్తే కాయ వెలవెలబోయింది. ఆ తేడా మా కొట్టు మీద పడింది, మా యజమాని వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. అప్పట్నుంచి పక్కన మచ్చు కాయలు పెట్టుకోకుండా ఏ లాటుకీ మాట ఇవ్వలేదు. గ్రహశకలం నుంచి వచ్చేది ఎటూ సూర్యుడి వెలుగే కాబట్టి, ఖగోళ శాస్త్రజ్ఞులు అదే రాత్రి సూర్యుడిలాంటి ఒక నక్షత్రాన్ని కూడా చూస్తారు. గ్రహశకలం వెలుగుని ఆ నక్షత్రం వెలుగుతో భాగిస్తే మిగిలేది రాయి సొంత రంగు. ఇది చదివిన రోజు, వీళ్లు మనవాళ్లే అనుకున్నాను.

అయితే రంగు ఒక్కటే చూసి చెబితే మోసపోతాం. మిర్చిలో బ్యాడిగి రకం ఎర్రగా నిగనిగలాడుతుంది, కారం తక్కువ. తేజ సన్నగా ఉంటుంది, నోట్లో పెట్టుకుంటే తెలుస్తుంది. రాళ్లలోనూ ఈ తంటా ఉంది. 1975లో చాప్‌మన్, మారిసన్, జెల్నర్ అనే ముగ్గురు నల్లవాటికి సి, కాస్త వెలుగున్న రాతివాటికి ఎస్ అని తరగతులు మొదలుపెట్టారు. 1984లో డేవిడ్ థోలెన్ ఎనిమిది రంగుల ఫిల్టర్లతో చూసిన లెక్కల నుంచి ఆ జాబితాని బాగా పెంచారు. ఆయనకి ఇ, ఎం, పి అనే మూడు తరగతులు దొరికాయి. ఈ మూడింటి రంగు చూస్తే ఒక్కటే. వెలుగు ఎంత తిరిగొస్తోందో చూస్తే ఇ బాగా తెల్లన, ఎం మధ్యస్థం, పి బొగ్గు. ఆ కొలత లేని రాయి వస్తే ఎక్స్ అని రాసి పక్కన పెట్టారు. ఎక్స్ అని రాసిన ఆ మనిషి మీద నాకు గౌరవం. తెలియని లాటుకి గ్రేడు రాయమని మమ్మల్ని ఎంతమంది ఒత్తిడి చేసేవాళ్లో నాకు తెలుసు.

2008లో సూడాన్‌లో జరిగింది ఇంకా గట్టి పాఠం. అక్టోబరు 6న ఒక చిన్న రాయి కనిపించింది, మర్నాడే నుబియా ఎడారి మీద పేలి రాలింది. రాలేలోపే టెలిస్కోపుతో దాని వెలుగుని కొలిచి ఎఫ్ తరగతి అనుకున్నారు, అంటే సి కుటుంబంలోదే, నల్లది. తర్వాత ఎడారిలో ముక్కలు ఏరితే ఎక్కువ భాగం యూరెయిలైట్ అనే అరుదైన రకం ఉల్క, మధ్యమధ్యలో వేరే రకాల రాళ్ల ముక్కలు. ఒకే టిక్కీలో నాలుగు రకాల కాయ. దూరం నుంచి చూసినవాళ్లకి ఒకటే నలుపు.

ఇప్పుడు మీ పట్టిక దగ్గరికి వస్తాను, అసలు నా గొడవ అదే. గ్రహశకలం టెలిస్కోపులో ఒక చుక్క. ఆ చుక్క వెలుగుని బట్టే సైజు లెక్క కడతారు. కానీ పెద్ద నల్ల రాయీ, చిన్న తెల్ల రాయీ ఒకే వెలుగు ఇవ్వగలవు. ఒకే దూరంలో ఒకే వెలుగుతో కనిపిస్తున్న రెండు చుక్కలు తీసుకోండి. నూటికి పాతిక పాళ్లు తిప్పి పంపేది 670 మీటర్లయితే, నాలుగు పాళ్లు తిప్పి పంపేది దాదాపు 1,670 మీటర్లు. అడ్డంగా రెండున్నర రెట్లు. అంటే ఘనపరిమాణం పదిహేను రెట్లకి పైన. ఇది చిన్న పొరపాటు కాదండీ, బస్తాకి పదిహేను బస్తాలు.

ఆమధ్య మనందరికీ టెన్షన్ పెట్టిన 2024 వైఆర్4 అనే గ్రహశకలం గుర్తుందా? ఆ రాయి 2032 డిసెంబరు 22న భూమిని తాకే అవకాశం 2025 ఫిబ్రవరిలో 3.1 శాతం దాకా పెరిగి, నెల తిరక్కుండానే పోయింది. అప్పుడు శాస్త్రజ్ఞులు దాని సైజు 40 నుంచి 90 మీటర్లు అన్నారు. అంత తేడా ఎందుకు చెబుతున్నారని చాలామంది విసుక్కున్నారు, మా అరండల్‌పేట టీ బడ్డీ దగ్గర కూడా. వాళ్లకి రాయి నలుపో తెలుపో తెలియదు, తెలియదనే నిజాయితీగా చెప్పారు. మార్చిలో జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు ఆ రాయి నుంచి వచ్చే వేడిని కొలిచాక సుమారు 60 మీటర్లని తేలింది.

వేడి ఎలా పనికొస్తుందో గుంటూరు వాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. మే నెల మధ్యాహ్నం చెప్పుల్లేకుండా నల్ల పట్ట మీద అడుగు పెట్టి, తర్వాత తెల్ల పట్ట మీద పెట్టండి. నలుపు మింగిన ఎండంతా వేడిగా బయటికి వస్తుంది. కంటికి కనబడని నల్ల రాయి కూడా పరారుణ కిరణాల్లో, అంటే కంటికి కనబడని వేడి కిరణాల్లో, దొరికిపోతుంది. 1983లో ఐరాస్, 2009లో ఎగిరిన వైజ్ ఉపగ్రహాలు ఇలాగే వేలాది రాళ్ల సైజు, నలుపు రెండూ లెక్క తేల్చాయి. అయినా ఈ లెక్కా గురి తప్పదని కాదు. బెన్ను వేడి తీరు చూసి పైన సన్నని గులక ఉంటుందనుకున్నారు. 2018లో వెళ్లి చూస్తే ఎటు చూసినా బండరాళ్లే.

పట్టిక మానేయమని నేను అనను. పిల్లలు కత్తిరించి దాచుకుంటారు, మా వీధిలోనే ఒకడు దాచాడు. ఈసారి వేసేటప్పుడు, వేడి కొలిచో, రాడార్‌తో చూసో, దగ్గరికి వెళ్లో తేల్చిన రాయికి ఒక అంకె వేయండి. వెలుగు మాత్రమే చూసిన రాయికి 'తెలుపైతే ఇంత, నలుపైతే ఇంత' అని రెండు అంకెలు వేయండి. జాగా చాలకపోతే ఆ మంటల బొమ్మ తీసేయండి.

ఇట్లు,
మిర్చి యార్డు విశ్రాంత గుమాస్తా,
అరండల్‌పేట, గుంటూరు