మేనరికాన్ని తప్పుపట్టే ముందు జన్యుపరీక్ష చేయించాలి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయిని నా చెల్లెలి కొడుక్కే ఇచ్చాము. మనవడికి ఆరో నెలలో, టీకా వేయించిన రాత్రి జ్వరం వచ్చి, ఎడమ చెయ్యీ కాలూ కొట్టుకోవడం మొదలై అరగంట దాటినా ఆగలేదు. కావలి నుంచి నెల్లూరు చేరేవరకు వాడి గుప్పిట్లో ఇంటి తాళాలు బిగించి పట్టుకుని కూర్చున్నాను. వాటివల్ల ప్రయోజనం ఉండదని అప్పుడు తెలియదు. బంధువుల్లో కొందరు టీకాను, ఎక్కువమంది మేనరికాన్ని కారణంగా చెప్పారు. మాటలు పడింది మాత్రం మా అమ్మాయి.

మూర్ఛకు సాధారణంగా వాడే కార్బమజిపైన్ రెండేళ్లు వేశాము. మోతాదు పెంచినకొద్దీ ఫిట్స్ ఎక్కువయ్యాయి. 'తాతా' అని పిలిచే పిల్లవాడు ఆ పిలుపే మరిచిపోయాడు. చివరికి మరో వైద్యుడి సలహాపై హైదరాబాదులో జన్యుపరీక్ష చేయిస్తే, ఎస్‌సీఎన్1ఏ అనే జన్యువులో మార్పు ఉందని, అది తల్లిలోనూ తండ్రిలోనూ లేదని, బిడ్డలోనే కొత్తగా ఏర్పడిందని తేలింది. అంటే మేనరికానికీ దీనికీ సంబంధమే లేదు. మందు నెమ్మదిగా మార్చాక ఫిట్స్ తగ్గాయి గాని పూర్తిగా పోలేదు.

డ్రావే సిండ్రోమ్ అనే ఈ జబ్బును 1978లో ఫ్రాన్స్ వైద్యురాలు షార్లోట్ డ్రావే వివరించారు. కారణమైన జన్యువు 2001లో బయటపడింది. మెదడులో నాడీకణాల ఉద్రేకాన్ని అణచి ఉంచే కణాలకు సోడియం లోపలికి వెళ్లే ద్వారాలు కావాలి, వాటిని తయారుచేయించేది ఈ జన్యువే. అవి ముందే కొరవడిన బిడ్డకు, సోడియం ద్వారాలను మూసే కార్బమజిపైన్ వంటి మందు ఇస్తే ఫిట్స్ పెరుగుతాయి. ఇక టీకా మాటకొస్తే, దానివల్లే మెదడు దెబ్బతిన్నదని భావించిన 14 మందిని ఆస్ట్రేలియా పరిశోధకులు పరీక్షించి 2006లో ప్రకటించిన ఫలితాల్లో 11 మందికి ఇదే జన్యువులో మార్పు కనిపించింది.

మేనరికం నిరపాయకరమని నేను వాదించడం లేదు. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితే వచ్చే జబ్బులు అలాంటి పెళ్లిళ్లలో ఎక్కువే. బి6 విటమిన్‌తో అదుపులోకి వచ్చే మూర్ఛ కూడా వాటిలో ఒకటి. ఏ జన్యువో తెలిస్తేనే ఏ మందు వేయాలో, ఏది వేయకూడదో తెలుస్తుంది.

కాబట్టి ఏడాదిలోపే ఫిట్స్ మొదలై మందులకు లొంగని పిల్లలకు నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే రక్తం తీసి, హైదరాబాదులోని జన్యుపరీక్షల కేంద్రమైన సీడీఎఫ్‌డీ వంటి సంస్థకు ఉచితంగా పంపే ఏర్పాటు చేయాలని ఆరోగ్యశాఖను కోరుతున్నాను. ఊదారంగు మూత ఉన్న చిన్న గొట్టంలో కొన్ని మిల్లీలీటర్ల రక్తం చాలు; దానికోసం ఫిట్స్ వచ్చే పిల్లవాణ్ణి రాత్రంతా రైల్లో తీసుకెళ్లాల్సిన పని లేదు. ఆ ఫలితాన్ని తల్లిదండ్రులకు, వీలైతే అత్తమామలను కూడా కూర్చోబెట్టి, తెలుగులో వివరించే జన్యువైద్యులు నెలకొక్కరోజు వచ్చినా మేలు.

– ఒక తాత,
కావలి, నెల్లూరు జిల్లా