బండికి రోడ్‌సైడ్ అసిస్టెన్స్: ఎవరికి అవసరం, ఎవరికి అనవసరం?

సంపాదకులకు నమస్కారం.

ద్విచక్ర వాహనాల బీమా గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసంలో, పాలసీతోపాటు, దారిలో బండి ఆగిపోతే కంపెనీ మనిషిని పంపి సాయం చేసే రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌ కూడా అందరూ తీసుకోవడం మంచిదని, దాని ఖర్చు ఎలాగూ కొన్ని వందలు దాటదని రాశారు. ఖర్చు తక్కువన్న మాట నిజమే. కానీ చవకగా వస్తోంది కాబట్టి కొనమనడం సలహా అనిపించుకోదు. బండి ఎక్కడ ఆగిపోయే అవకాశముంది, అక్కడికి కంపెనీ పంపే మనిషి ఎంతసేపట్లో రాగలడు అన్న రెండు సంగతులు తేల్చుకుంటే తప్ప ఆ డబ్బు పెట్టాలో వద్దో తెలియదు.

హైదరాబాద్, వరంగల్, విజయవాడ వంటి నగరాల్లో పగటిపూట మాత్రమే తిరిగే బండికి దీని అవసరం బహు తక్కువ. ట్యూబ్‌లెస్ టైరుకు పంక్చరైతే నూరో నూట యాభయ్యో తీసుకుని పది నిమిషాల్లో సరిచేసే దుకాణం ఏదో ఒక మలుపులో ఉండనే ఉంటుంది. కంపెనీకి ఫోన్ చేసి, పాలసీ నంబరు చెప్పి, లొకేషన్ పంపి, వచ్చేవాడి కోసం ఎదురుచూసేలోగా ఆ పని పూర్తయిపోతుంది. పైగా పాలసీ పత్రం ఓపిగ్గా చదివితే, విడిభాగాల ఖరీదూ తెచ్చిచ్చిన పెట్రోలు ఖరీదూ మనమే కట్టుకోవాలని, ఏడాదికి ఇన్నిసార్లే పిలవాలని, బండిని ఇన్ని కిలోమీటర్ల వరకే తరలిస్తారని సాధారణంగా రాసి ఉంటుంది. రాత్రి షిఫ్టు ముగించుకుని ఒంటరిగా ఇంటికి వెళ్లే మహిళల సంగతి మాత్రం వేరు. ఆ వేళకు దుకాణాలన్నీ మూసి ఉంటాయి కనుక నగరంలోనైనా వారు ఇది తీసుకోవడం సబబే.

ఊరు దాటాక లెక్క మారుతుంది. బండి కొత్తదైతే మరీ మారుతుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాక మన మోటార్‌సైకిళ్లలో చాలావరకు కార్బురేటరు పోయి, బ్యాటరీ కరెంటుతో పెట్రోలును చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. అనేక మోడళ్లలో కిక్ రాడ్ కూడా లేదు. పాత బండి మొరాయిస్తే ప్లగ్గు విప్పి, కార్బన్ గీకి, నాలుగు కిక్కులు కొడితే అందుకునేది. ఇప్పటి బండికి బ్యాటరీ పూర్తిగా దిగిపోయిందంటే, తాళం తిప్పగానే ట్యాంకులోంచి వినిపించే పంపు చప్పుడే ఉండదు. పంపు తిరగనిదే ఇంజిన్‌కు పెట్రోలు అందదు కాబట్టి గేరులో వేసి ఎంత దూరం తోసినా ఫలితం ఉండదు. గేర్లు లేని స్కూటర్లు తోస్తే స్టార్టయ్యే రకమే కాదు. ఎలక్ట్రిక్ స్కూటర్ చార్జింగ్ అయిపోయి ఆగితే సీసాలో తెచ్చి పోయడానికి ఏమీ ఉండదు. ఇలాంటప్పుడు మన దగ్గర జరిగేదేమిటంటే, వెనక నుంచి ఇంకో బండివాడు ఫుట్‌రెస్టు మీద కాలు ఆనించి పట్టణం దాకా తోసుకుంటూ వస్తాడు. లారీలు తిరిగే దారిలో అది ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. ట్రాలీ ఆటో మాట్లాడుకుంటే ఒక్క ట్రిప్పు కిరాయే ఏడాది ప్రీమియంను మించిపోతుంది. జాతీయ రహదారిపై 1033కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, గస్తీ వాహనమూ క్రేనూ వస్తాయి. అయితే వాళ్ల ముఖ్యమైన పని రాకపోకలకు అడ్డం లేకుండా బండిని పక్కకు తీయడమే గాని, మెకానిక్ షెడ్డుకు చేర్చడం కాదు. అందుచేత వారానికోసారైనా జిల్లాల మధ్య తిరిగేవారికి, మెడికల్ రెప్రజెంటేటివ్‌ల వంటివారికి, ఈ కవరు దండగ కాదని నా అభిప్రాయం.

ఇక మా అచ్చంపేట ప్రాంతం సంగతి. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారి మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ప్రవేశిస్తుంది. అక్కడ చాలా దూరం ఫోన్‌కు సిగ్నల్ అందదు. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు గేటు మూసేస్తారు. ఫోనే కలవని చోట, గేటు తీయని వేళ ఏ కంపెనీ బండి వస్తుంది? వారాంతాల్లో గుంపులుగా వచ్చే కుర్రాళ్లకు కవరు ఉందన్న ధైర్యం కన్నా, సీటు కింద ఒక పంక్చర్ కిట్టు, చిన్న గాలి పంపు ఉండటమే మేలు. ట్యూబు టైర్లున్న స్పోకు చక్రాల బండికి ఆ కిట్టు కూడా పనికిరాదు; చక్రం ఊడదీయాల్సిందే.

షోరూముల్లో జరిగే తంతు కూడా చెప్పాలి. కొత్త బండితో తయారీ కంపెనీయే కొంతకాలం ఈ సేవను ఉచితంగా ఇస్తున్నా, బీమా పాలసీలో మళ్లీ అదే సేవను జతచేసి బిల్లులో కలిపేస్తుంటారు. దానిమీద 18 శాతం జీఎస్టీ అదనం. బీమాను షోరూములోనే కొనాలన్న నిర్బంధం లేదని చాలామందికి తెలియదు. పాత బండికి చట్టం అడిగే థర్డ్ పార్టీ బీమా (ఎదుటివారికి జరిగే నష్టానికి మాత్రమే వర్తించేది) ఒక్కటే ఉన్నవారికి పాలసీలో ఈ కవరు సాధారణంగా దొరకదు. దీనికోసమే సొంత బండి నష్టానికీ వర్తించే సమగ్ర పాలసీకి మారడం పదేళ్లు దాటిన బండికి గిట్టుబాటు కాదు. మరొక సంగతి చాలామంది గమనించరు. బీమాలో భాగంగా తీసుకున్న కవరు అయితే, కంపెనీ 30 రోజుల్లో ఫిర్యాదు పరిష్కరించకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ అనే ఫిర్యాదుల పరిష్కార అధికారి దగ్గరికి ఉచితంగా వెళ్లవచ్చు. తయారీ కంపెనీ విడిగా అమ్మే ప్యాకేజీ బీమా కాదు, ఒక సేవా ఒప్పందం మాత్రమే. దానికి 1915 వినియోగదారుల హెల్ప్‌లైనో, జిల్లా వినియోగదారుల కమిషనో దిక్కు.

బీమా నియంత్రణ సంస్థను కోరేది ఒక్కటే. ఎన్నిసార్లు వస్తారు, ఎంత దూరం తరలిస్తారు, ఏయే మండలాలకు రారు అన్న వివరాలను డబ్బు తీసుకోకముందే ఒక్క పేజీలో తెలుగులో కొనుగోలుదారు చేతికి ఇవ్వాలని ఆదేశించాలి. ఆ కాగితం చేతికొచ్చేదాకా షోరూము కౌంటరు దగ్గరే హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి, మీ ఊరి పిన్‌కోడ్ చెప్పి, అక్కడికి వస్తారా అని అడిగి చూడండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అచ్చంపేట, నాగర్‌కర్నూలు జిల్లా