కౌలుదారులు, అద్దెదారుల సంఘం: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పనిలో ఎక్కువ భాగం ఒక్క విషయం చుట్టూనే తిరిగింది. పొలం యజమాని చేతగానీ, ఇంటి యజమాని చేతగానీ కాగితం మీద సంతకం పెట్టించడం. మన దగ్గరకు వచ్చిన తగాదాలు దాదాపు అన్నీ సంతకం లేని చోట పుట్టినవే. అందుకే ఈ నివేదికలో ఆ సంగతే ఎక్కువగా రాస్తున్నాం.

2024 ఆగస్టు చివర మొదలైన వానలు, సెప్టెంబరు మొదట్లో వచ్చిన మున్నేరు వరద మన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాన్ని ఎంత దెబ్బతీశాయో ఎవరూ మర్చిపోలేదు. పత్తి నీళ్లలో నిలబడి నల్లబడింది. కొన్ని చోట్ల వరి మీద ఇసుక మేట వేసింది. పంట నష్టం రాయడానికి సిబ్బంది వచ్చినప్పుడు అసలు చిక్కు బయటపడింది. దున్నింది, విత్తింది, పురుగుమందుల కొట్టులో అప్పు పెట్టింది కౌలుదారు. ప్రభుత్వం పంట వివరాలు రాసుకునే ఈ-క్రాప్‌లో ఎక్కింది మాత్రం యజమాని పేరు. పరిహారం ఆ పేరుకే పోయింది. కొందరు యజమానులు డబ్బు పడిన రోజే ఫోన్ చేసి పిలిచి ఇచ్చేశారు, వాళ్లకు మా నమస్కారాలు. ఇంకొందరు సగం ఇచ్చారు. ఇవ్వని వాళ్లూ ఉన్నారు. వాళ్లను అడగడానికి మన చేతిలో ఏ ఆధారమూ లేదు.

ఆ ఆధారం కోసమే ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. దాని కింద ఇచ్చే సీసీఆర్సీ కార్డు, అంటే పంట సాగుదారు హక్కుల కార్డు, 11 నెలలు చెల్లుతుంది. పంట రుణం, బీమా, నష్ట పరిహారం సాగు చేసే మనిషికి అందాలన్నది దాని ఉద్దేశం. భూమి మీద మాత్రం ఆ కార్డు ఏ హక్కూ ఇవ్వదు. కానీ కార్డు రావాలంటే యజమాని సంతకం కావాలి. అంతా అక్కడే ఆగిపోతోంది.

యజమానుల భయం ఊరికే పుట్టింది కాదు. తెలంగాణ ప్రాంతంలో 1950 నాటి కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులుగా నమోదైనవాళ్లకు 38-ఇ సెక్షన్ ద్వారా భూమి మీద యాజమాన్యమే దక్కింది. మన ఊళ్లకు కూతవేటు దూరంలో జరిగిన సంగతి అది. పెద్దలు దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. ‘సంతకం పెడితే పొలం పోతుంది’ అన్న మాట ఆ జ్ఞాపకంలోంచి వచ్చిందే. భయం నిజమైనదే, అయితే ఇప్పటి కార్డుకు అది వర్తించదు. ఈ తేడా చెప్పడానికే మన కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగారు.

ఒక ఇంట్లో జరిగింది చెప్పాలి. యజమాని పెద్దాయన, కొడుకులిద్దరూ హైదరాబాద్‌లో ఉద్యోగాలు. ఆయన పొలం కౌలు చేస్తున్నావిడ, భర్త పోయినా ఆ మూడెకరాలు వదల్లేదు. పెద్దాయన వీడియో కాల్‌లో పెద్దకొడుకుని కలిపారు. దరఖాస్తు ఫారాన్ని ఫోన్ కెమెరాకు దగ్గరగా పట్టుకుని, 11 నెలలన్న వాక్యం, హక్కు ఉండదన్న వాక్యం మన కార్యకర్త రెండుసార్లు చదివి వినిపించాడు. కొడుకు ఒకటే అడిగాడు: “మళ్లీ ఏడాది వేరేవాళ్లకు ఇవ్వాలంటే ఇబ్బంది ఉండదా?” ఉండదని చెప్పాం. “అయితే పెట్టేయండి నాన్నా” అన్నాడు. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని సంతకం చేశారు. ఎక్కువ చోట్ల మాత్రం వారం తర్వాత రమ్మన్నారు. ఆ వారం ఇంకా రాలేదు.

కార్డు దొరికినవాళ్లకూ బ్యాంకు దగ్గర మళ్లీ కథ మొదలు. ‘ఈ సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకున్నారు, మేమేం చేయలేం’ అన్న జవాబు సభ్యులు పదేపదే విన్నారు. రుణం భూమి కాగితానికి కాకుండా పంటకు ఇవ్వాలన్నది చట్టం అసలు ఆలోచన. అది అమలు కానంతకాలం కార్డు ఉన్నా రైతు వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కక తప్పదు. యజమాని సంతకం నిబంధనే తీసేయాలని రైతు సంఘాలు చాలాకాలంగా అడుగుతున్నాయి. మనమూ ఈ ఏడాది కలెక్టరేట్‌లో వినతిపత్రం ఇచ్చాం.

మిర్చి సంగతి వేరే బాధ. క్వింటాలు 20 వేలు పలికిన రోజుల లెక్కతో కౌలు మాట్లాడుకున్నారు, డబ్బు ముందే కట్టేశారు. తీరా పంట చేతికొచ్చేసరికి ధర పడిపోయింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. ముందస్తు కౌలు తిరిగి రాదు. ధర ఒక హద్దు దాటి పడితే కౌలులో కొంత తగ్గించేలా ఒప్పందంలోనే ఒక వాక్యం రాసుకోవాలని సంఘం సూచిస్తోంది. నోటిమాట కౌలులో అలాంటి వాక్యానికి చోటు ఉండదు.

సరిహద్దు దాటి తెలంగాణలోని మధిర వైపు కౌలు చేసే సభ్యులూ మనకున్నారు. అక్కడ 2018లో మొదలైన రైతుబంధు పెట్టుబడి సాయం పట్టాదారులకే అందింది. 2025 జనవరి 26 నుంచి ఎకరాకు ఏడాదికి 12 వేలుగా మొదలైన రైతు భరోసా కూడా కౌలు రైతు చేతికి రాలేదు. వాళ్ల కోసం ఈ ఏడాది మనం పెద్దగా ఏమీ సాధించలేదు.

ఇక ఇళ్ల అద్దెలు. 11 నెలల అగ్రిమెంటు ఎందుకని కొత్త సభ్యులు అడుగుతుంటారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో ఏడాదికి మించిన లీజునే రిజిస్టర్ చేయాలని ఉండేది (మన రాష్ట్రంలో 1999 సవరణ తర్వాత ఏ లీజునైనా రిజిస్టర్ చేయాలి). ఆ ఖర్చు తప్పించుకోవడానికి 11 నెలలు అలవాటైంది. రాసుకున్నంతవరకు మంచిదే. రాయకుండా అడ్వాన్సు చేతిలో పెట్టి సామాను దించేయడమే తప్పు. ఖాళీ చేసే రోజున రంగుల ఖర్చు, కుళాయి ఖర్చు అంటూ అడ్వాన్సులో కోతలు మొదలవుతాయి. దిగేటప్పుడే గదుల ఫోటోలు తీసి యజమానికి వాట్సాప్‌లో పంపండి. అద్దె ఫోన్‌పేలోనో, బ్యాంకు ద్వారానో కట్టండి. నగదు ఇస్తే రసీదు అడగండి.

ఒక సభ్యుడు ఊరెళ్లి వచ్చేసరికి అద్దె ఇంటికి కొత్త తాళం వేసి ఉంది. పిల్లల పుస్తకాలు, గ్యాస్ బండ లోపలే ఉండిపోయాయి. రెండు నెలల అద్దె బాకీ ఉన్నమాట నిజం. అయినా బాకీ ఉందని తాళం వేసే హక్కు ఎవరికీ లేదు. ఖాళీ చేయించాలంటే నోటీసు ఇచ్చి, చట్టప్రకారమే చేయించాలి. అలా కాకుండా బలవంతంగా బయటికి నెడితే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేయొచ్చు. మన న్యాయ సలహాదారు ఈ సెక్షన్ రాసి పంపాక మర్నాడే తాళం తీశారు. బాకీ వాయిదాల్లో తీరుతోంది.

ఇద్దరు ముగ్గురు సభ్యులు ఒక ప్రశ్న లేవనెత్తారు: ఇంటి యజమానులను సంఘంలో ఎందుకు చేర్చుకోవాలి? పింఛను లేని వితంతువుకు ఒక్క గది అద్దే ఆధారమైతే, ఆమెకూ ఈ సంఘం కావాలన్నది కార్యవర్గం అభిప్రాయం. ఆరు నెలలుగా అద్దె ఇవ్వని వ్యక్తి తరఫున మనం మాట్లాడబోమని తీర్మానం కూడా చేశాం.

లాయరు ఖర్చుకు భయపడి వెనక్కి తగ్గినవాళ్లకు ఒక మాట. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. 15100కు ఫోన్ చేస్తే చాలు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు.

జమాఖర్చుల పట్టిక విడిగా పంచుతున్నాం.

వచ్చే ఏడాది పని ఖరీఫ్‌కు ముందే మొదలుపెడుతున్నాం. కౌలు చేస్తున్న ప్రతి సభ్యుడూ సర్వే నంబరు, విస్తీర్ణం, యజమాని ఫోన్ నంబరు రాసి మే నెలాఖరులోగా ఇవ్వండి. యజమాని దగ్గరకు మీతోపాటు కార్యవర్గం నుంచి ఒకరు వస్తారు. నాట్లు పడ్డాక ఈ-క్రాప్‌లో మీ పేరే ఎక్కిందో లేదో రైతు సేవా కేంద్రంలో స్వయంగా చూసుకోండి. అద్దె ఇళ్లవాళ్లకు తెలుగులో తయారుచేసిన నమూనా ఒప్పందం సంఘం కార్యాలయంలో ఉచితంగా దొరుకుతుంది, దాన్ని తీసుకెళ్లి మీ యజమానికి కూడా ఒక ప్రతి ఇవ్వండి.

కార్యదర్శి