రౌటర్ తయారీలోనే ఉంది ఫిర్యాదుల మూలం

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో నెట్ ఆగిపోతే అందరి కోపమూ కాల్ సెంటర్‌లో ఫోన్ ఎత్తిన మనిషి మీదో, మర్నాడు బైకు మీద వచ్చే టెక్నీషియన్ మీదో పడుతుంది. వాళ్లిద్దరి చేతుల్లో లేనిది ఒకటుంది. గోడకు బిగించిన ఆ పెట్టెను ఎలా తయారు చేశారన్నది. ఫోన్ అవతలి మనిషికి మన ఇల్లు కనబడదు. పెట్టె మీది లైట్లు, మీటలు, అంటించిన లేబుల్ చూసి మనం చెప్పేదే అతనికి ఆధారం. వాటిని ఆలోచన లేకుండా అమర్చితే ఐదు నిమిషాల్లో తేలాల్సిన లోపం రోజుల తరబడి నానుతుంది. విశాఖలో కనెక్షన్లు ఇస్తున్న కంపెనీలు పరికరాలు కొనేటప్పుడు ధర, వేగంతో పాటు ఈ సంగతీ చూడాలి.

ముందు లైట్ల విషయం. ఫైబర్ పెట్టె మీద సాధారణంగా పవర్, పాన్ (PON), ఎల్ఓఎస్ (LOS), ఇంటర్నెట్, వైఫై అని విడివిడిగా ఉంటాయి. ఎల్ఓఎస్ ఎర్రగా ఆరుతూ వెలుగుతుంటే ఫైబర్ గుండా రావాల్సిన కాంతి పెట్టెకు చేరడం లేదు. తీగ తెగి ఉండాలి, బీరువా వెనక నలిగి ఉండాలి, లేదా కనెక్టర్ ఊడి ఉండాలి. ఎన్నిసార్లు ఆపి ఆన్ చేసినా లాభం లేదు, మనిషి రావాల్సిందే. ఎల్ఓఎస్ ఆరిపోయి, పాన్ మాత్రం మిణుకుతుంటే కాంతి వస్తోంది కానీ కంపెనీ వైపు యంత్రం ఈ పెట్టెను ఇంకా నమోదు చేసుకోలేదు. పాన్ నిలకడగా ఉండి ఇంటర్నెట్ లైటు రాకపోతే లాగిన్ వివరాలో, బిల్లు గడువో చూడాలి. మూడు లోపాలకూ దారులు వేరు, ఒక్క ప్రశ్నతో వాటిని విడదీయొచ్చు.

ఇప్పుడు అందం కోసం ఒకే ఒక్క లైటు పెట్టిన రౌటర్లు వస్తున్నాయి. తెలుపైతే బాగున్నట్టు, నారింజ అయితే ఒకటి, ఎరుపైతే ఇంకొకటి, వేగంగా ఆరి వెలిగితే మరొకటి. నారింజకూ ఎరుపుకూ తేడా ఫోన్లో ఎలా తేలుస్తారు? ఎరుపు, ఆకుపచ్చల తేడా పుట్టుకతోనే సరిగా తెలియనివాళ్లు మగవారిలో చాలామంది ఉన్నారు. లైట్లు విడిగా ఉంచి, పక్కన 1, 2, 3, 4 అని అంకెలు అచ్చు వేస్తే చాలు. "మూడో లైటు ఎలా ఉందండీ?" అంటే అరవై ఏళ్ల అమ్మ కూడా తడుముకోకుండా చెబుతుంది.

అంతకంటే ఎక్కువ నష్టం చేసేది రీసెట్ మీట. చాలా పెట్టెల్లో పది సెకన్ల పాటు నొక్కి పట్టుకుంటే లోపలి అమరికలన్నీ చెరిగిపోతాయి. కొన్నింట్లో పాస్‌వర్డ్ కొట్టకుండా వైఫై కలిపే డబ్ల్యూపీఎస్‌కూ రీసెట్‌కూ మీట ఒక్కటే. కాసేపు నొక్కితే ఒక పని, ఎక్కువసేపు నొక్కితే ఇంకో పని. ఫోన్లో "రీస్టార్ట్ చేయండి" అంటే "రీసెట్" అనుకుని నొక్కేసేవాళ్లకు కొదవ లేదు. ఆ తప్పు వాళ్లది కాదు. పీపీపీఓఈ, అంటే పెట్టెలో రాసిపెట్టిన యూజర్ పేరు, పాస్‌వర్డ్‌లతో లాగిన్ అయ్యే కనెక్షన్ అయితే ఆ రెండూ, కంపెనీ నెట్‌వర్క్‌లో ఈ కనెక్షన్ దారిని గుర్తించే వీలాన్ నంబరూ అన్నీ పోతాయి. లైను బాగానే ఉన్నా మనిషి ఇంటికి రావాలి. అదే వినియోగదారుణ్ని లైను ద్వారానే గుర్తించి, డీహెచ్‌సీపీతో, అంటే లాగిన్ అడగకుండానే నెట్‌వర్క్ అడ్రసు ఇచ్చే ఏర్పాటు ఉంటే, రీసెట్ అయిన పెట్టె కంపెనీ సర్వర్‌ను తానే వెతుక్కుని పెట్టెలను దూరం నుంచే అమర్చే టీఆర్-069 పద్ధతిలో అమరికలన్నీ తిరిగి తెచ్చుకోగలదు. కంపెనీ సర్వర్‌లో దాచి ఉంటే వైఫై పేరు, పాస్‌వర్డ్ కూడా పాతవే వస్తాయి. పెట్టె కొనేముందు ఈ ఒక్క పరీక్ష చేయమని కంపెనీలను కోరుతున్నాం. రీసెట్ నొక్కండి, ఎవరూ ముట్టుకోకుండా పది నిమిషాల్లో నెట్ తిరిగి వస్తుందో లేదో చూడండి.

"ఒకసారి ఆపి ఆన్ చేయండి" అన్న మాట గురించీ చెప్పాలి. తాత్కాలికంగా అది పనిచేస్తుంది, నిజమే. కానీ చాలా రౌటర్లు లాగ్‌ను, అంటే ఎప్పుడేం జరిగిందో చెప్పే చిట్టాను, తాత్కాలిక మెమరీలోనే రాసుకుంటాయి. కరెంటు తీయగానే, ఎన్ని గంటలకు లైను పోయింది, ఎందుకు పోయింది అన్న సాక్ష్యం మొత్తం చెరిగిపోతుంది. రెండు గంటల తర్వాత మళ్లీ ఆగితే సపోర్టు మనిషి దగ్గర చూడ్డానికి ఏమీ ఉండదు. చివరి కొద్ది సంఘటనలనైనా, అంటే కాంతి పోయిందా, లాగిన్ తెగిందా, కరెంటు పోయిందా అన్నది శాశ్వత మెమరీలో దాచుకునే పెట్టెకు అయ్యే అదనపు ఖర్చు చాలా తక్కువ. ఫైబర్ ద్వారా అందుతున్న కాంతి బలం కూడా అందులో ఉండాలి. ఇళ్లలో ఎక్కువగా వాడే జీపాన్ అనే ఫైబర్ పద్ధతిలో అది మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం మధ్య ఉండాలి. డీబీఎం అంటే సిగ్నల్ బలానికి కొలత, మైనస్ పక్క అంకె పెరిగేకొద్దీ బలం తగ్గినట్టు. మైనస్ 26 దగ్గర వేలాడుతున్న లైను ఇవాళ పనిచేసినా, తీగ ఇంకాస్త వంగితే రేపు ఆగిపోతుంది. ఆ అంకె ముందే కనబడితే ఫిర్యాదు రాకముందే కనెక్టర్ శుభ్రం చేయొచ్చు.

అడాప్టర్ చిన్న వస్తువే, చేసే అల్లరి మాత్రం పెద్దది. రౌటర్‌కూ సెట్‌టాప్ బాక్సుకూ చాలాచోట్ల 12 వోల్టుల అడాప్టర్లే, పిన్నులు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఒకటి ఒక ఆంపియర్ ఇస్తే ఇంకొకటి రెండు. తక్కువది తగిలిస్తే పెట్టె మామూలుగానే లేస్తుంది, లైట్లన్నీ వస్తాయి, నలుగురు ఒకేసారి వీడియో చూడగానే తనంతట తాను రీస్టార్ట్ అవుతుంది. పిన్ను బయటి కొలత 5.5 మిల్లీమీటర్లే అయినా లోపలి రంధ్రం 2.1, 2.5 అని రెండు రకాలు. రెండో రకం అడాప్టర్‌ను మొదటి రకం పెట్టెకు పెడితే లోపల వదులుగా ఉండి, తీగ కదిలినప్పుడల్లా ఆగుతుంది. వినియోగదారుడు "నెట్ వచ్చి పోతోంది" అంటాడు, సపోర్టు వాళ్లు లైను పరీక్షలు చేస్తూ కూర్చుంటారు. పెట్టె సాకెట్ పక్కనే "12 వోల్టులు, 2 ఆంపియర్లు" అని పెద్ద అక్షరాల్లో రాసి, అడాప్టర్ తీగకూ సాకెట్‌కూ ఒకే రంగు పట్టీ వేస్తే సగం గొడవ తీరుతుంది.

లేబుల్ గోడవైపు అంటించడం మరీ అన్యాయం. సీరియల్ నంబరు చెప్పమంటే పెట్టెను గోడ నుంచి ఊడదీయాలి, ఆ లాగుడులో ఫైబర్ వంగుతుంది. అక్షరాలు ఎంత చిన్నవంటే 8కీ బీకీ, సున్నాకీ డీకీ తేడా తెలియదు. లేబుల్ ముందుభాగంలోనో, పక్కనో ఉండాలి.

ఇక ఫైబర్ తీగ లేకుండా 5జీ సిగ్నల్‌తో ఇంటికి నెట్ తెచ్చే, డాబా మీద పెట్టే ఎయిర్‌ఫైబర్ యూనిట్. విశాఖకు ఇది ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన విషయం. ఇది ఎక్కువగా వాడే 3.3 నుంచి 3.6 గిగాహెర్ట్జ్ మధ్య తరంగాలకు కొండ అడ్డొస్తే దాటడం కష్టం. కైలాసగిరి, సింహాచలం, యారాడ కొండల చాటున ఉన్న ఇళ్లలో యూనిట్ ఏ దిక్కుకు తిరిగి ఉందన్నదే సర్వస్వం. సిగ్నల్ బలం మైనస్ 80 డీబీఎం దగ్గర ఉంటే హాయి, మైనస్ 110 దాటితే అవస్థ. అయినా ఆ అంకె చాలాచోట్ల బిగించినవాడి యాప్‌లోనే కనబడుతుంది, ఇంట్లోవాళ్లకు కాదు. లోపలి పెట్టె మీద నాలుగు గీతల సిగ్నల్ గుర్తు ఉంటే సపోర్టుకు ఎంతో ఊరట.

వాన పడినప్పుడు నెట్ పోతే "వాతావరణం వల్ల" అని చెప్పేయడం అలవాటైంది. ఈ తరంగాలను వాన ఆపేది చాలా స్వల్పం. అసలు కారణం ఎక్కువగా కనెక్టర్‌లోకి దిగిన నీరు. యూనిట్‌కు కరెంటూ డేటా ఒకే తీగలో వెళతాయి, ఆ తీగ దిగే చోట రబ్బరు బిగింపు వదులైతే నీరు, బీచ్ రోడ్డు, లాసన్స్ బే వైపు ఉప్పుగాలి కలిసి రాగి కొనలను పచ్చగా తినేస్తాయి. తీగ దూరే రంధ్రం కిందివైపు ఉండాలి. తీగ లోపలికి వెళ్లే ముందు కిందికి ఒక వంపు వదలాలి, నీటి చుక్కలు అక్కడే రాలిపోతాయి. మరలు, పట్టీలు మామూలు ఇనుము కాకుండా ఉప్పుగాలిని తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. ఇంట్లో ఉండి యూనిట్ తీగలోకి కరెంటు పంపే పవర్ ఇంజెక్టర్‌కు ఒకేలాంటి రెండు రంధ్రాలు ఉంటాయి, ఊడ్చేటప్పుడు ఊడితే తారుమారుగా తగిలిస్తారు. వాటికి రెండు రంగులు వేయడానికి ఏం ఖర్చు?

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ప్రమాణాలు కాల్ ఎంతసేపట్లో ఎత్తారు, లోపం ఎంతకాలంలో సరిచేశారు అని కొలుస్తాయి. ఒకే ఇంటికి ఒకే లోపం మీద ఎన్నిసార్లు మనిషి వెళ్లాడో, ఏ మోడల్ పెట్టె వల్ల వెళ్లాడో కూడా కంపెనీలు లెక్క రాసి, పరికరాలు కొనే విభాగానికి నెలనెలా పంపాలి. ఇవాళ చాలాచోట్ల సపోర్టు, కొనుగోలు విభాగాల మధ్య మాటే లేదు.

హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న ఈ ఊరిని తాకింది. అక్టోబరు, నవంబరు వస్తే గాలుల భయం మనకు ఉన్నదే. డాబా యూనిట్ బిగించాక దాన్ని నిలబెట్టిన గొట్టం మీదుగా పట్టీ మీదికి ఒకే గీతగా పెయింటు గీయమని టెక్నీషియన్లకు కంపెనీలు చెప్పాలి. గాలికి యూనిట్ తిరిగితే ఆ గీత రెండు ముక్కలుగా పక్కకు జరుగుతుంది, ఇంటివాళ్లు ఫోటో తీసి పంపితే ఫోన్ దగ్గరున్న మనిషికి లోపం ఎక్కడో వెంటనే తెలుస్తుంది.

ఇళ్లకు ఇంటర్నెట్ కనెక్షన్లు అమర్చే సాంకేతిక సిబ్బంది,
విశాఖపట్నం