నాసర్ భూచట్టాన్ని వదిలేస్తే ఎట్లా?

సంపాదకుల వారికి,

ఈజిప్టు నేత గమాల్ అబ్దుల్ నాసర్‌పై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం సూయజ్ కాలువ జాతీయీకరణతో మొదలై 1967లో ఇజ్రాయెల్ చేతిలో ఓటమితో ముగిసింది. మధ్యలో ‘భూములు పేదలకు పంచాడు’ అని ఒక్క ముక్క. జనగామ, సూర్యాపేట పోరాటాలు తెలిసిన పాఠకులకు అది ఆనదు. పైగా అది సగం నిజం.

సైనికాధికారులు 1952 జులై 23న గద్దె పట్టారు. ముందు కనిపించింది జనరల్ నజీబ్, వెనుక నడిపింది నాసర్. భూపరిమితికి అడ్డుపడ్డ ప్రధాని అలీ మాహెర్‌ను సెప్టెంబరు 7న దింపారు, 9న చట్టం తెచ్చారు. ఏడు వారాల్లో పని అయింది. మన భూపరిమితి చట్టం 1973లో వచ్చి 1975 జనవరి 1న గానీ అమల్లోకి రాలేదు. ఈలోపు చుట్టాల పేర, జీతగాళ్ల పేర ఎన్ని పట్టాలు పుట్టాయో ఇక్కడివాళ్లకు చెప్పాలా!

ఈజిప్టు చట్టం ప్రకారం ఒక్కరికి 200 ఫెద్దాన్లు, పిల్లల పేర ఇంకో 100 ఉంచుకోవచ్చు. ఫెద్దాన్ అంటే ఎకరం కన్నా కాస్త ఎక్కువ. ఈ పరిమితి 1961లో 100కు, 1969లో 50కి దిగింది. భూస్వామికి పరిహారం 30 ఏళ్ల బాండ్లలో, 3 శాతం వడ్డీతో. రైతుకు దక్కేది 2 నుంచి 5 ఫెద్దాన్లు, అదీ 30 ఏళ్ల వాయిదాల మీద. భూమి తీసుకున్నవాడు సహకార సంఘంలో చేరాల్సిందే: విత్తనం, ఎరువు, అప్పు, పత్తి అమ్మకం అన్నీ సంఘం చేతుల మీదుగానే. కౌలు శిస్తుకు ఏడు రెట్లు దాటకూడదు. నా లెక్కలో పంపకం కన్నా ఈ కౌలు నిబంధనే పెద్దది, భూమి దక్కని కౌలుదారుకు కూడా ఇది తగిలింది కాబట్టి.

లోపాలూ ఉన్నాయి. మిగులు భూమిని చిన్న ముక్కలుగా అమ్ముకునే వెసులుబాటును 1953 దాకా ఉంచారు, భూస్వాములు దాన్ని బాగా వాడుకున్నారు. నాసర్ పోయిన 1970 నాటికి పంచింది మొత్తం సాగుభూమిలో ఎనిమిదో వంతు మాత్రమే. అందులోనూ అప్పటికే దున్నుతున్న కౌలుదార్లకే ముందు దక్కింది, రోజుకూలీకి చాలావరకు మొండిచెయ్యే.

సూయజ్‌కూ పొలంతో లంకె ఉంది. సాగునీటి కోసం నైలు నదిపై తలపెట్టిన అస్వాన్ డ్యాంకు ఇస్తామన్న సాయాన్ని అమెరికా 1956 జులై 19న వెనక్కి తీసుకుంది. వారం తిరిగేసరికి, 26న, కాలువను స్వాధీనం చేసుకుని ఆ ఆదాయంతో డ్యాం కడతానన్నాడు నాసర్. 1958 ఫిబ్రవరిలో సిరియాతో కలిసి ఐక్య అరబ్ గణతంత్రం ఏర్పడ్డాక అక్కడా భూపరిమితి పెట్టాడు. అప్పటికే కరువు. భూస్వాములు ఎదురుతిరిగారు, 1961 జులైలో పరిశ్రమల జాతీయీకరణతో వ్యాపారులూ వారితో కలిశారు. సెప్టెంబరులో సైనిక తిరుగుబాటుతో సిరియా విడిపోయింది. వ్యాసం దీన్ని నాయకుల మధ్య పొరపొచ్చాలుగా చూపడం నాకు నచ్చలేదు.

ఇంకా పెద్ద లోటు కమ్షీష్. ఈజిప్టు మనూఫియా ప్రాంతంలోని ఆ ఊళ్లో భూస్వామి కుటుంబాన్ని ఎదిరించిన సలాహ్ హుసేన్‌ను 1966 ఏప్రిల్ 30న చంపారు. కడవెండిలో దొడ్డి కొమరయ్య 1946లో నేలకొరిగాడు, అప్పటికి ఇక్కడ భూపరిమితి చట్టమేదీ లేదు. కమ్షీష్‌లో మాత్రం చట్టం వచ్చి పద్నాలుగేళ్లయింది. హత్య తర్వాత గానీ సర్కారు కదల్లేదు. సైన్యాధిపతి ఫీల్డ్ మార్షల్ అమెర్ అధ్యక్షతన ఫ్యూడల్ (భూస్వామ్య) నిర్మూలన కమిటీ వేసి, దాచిన భూముల లెక్క తీసింది. అనుబంధంలో రెండో భాగం వేస్తే ఈ కమిటీ సంగతి చేర్చండి.

– చరిత్ర అధ్యాపకుడు, హనుమకొండ