కెరిస్‌కు ఉక్కు మారవచ్చు, మొదలు మారకూడదు

సంపాదకులకు,

నమస్కారం. చేతితో తయారుచేసిన ఆధునిక మలయ్ బాకు (కెరిస్) గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. కొలిమి పనికి మన పత్రికల్లో అంత చోటు దొరకడం అరుదు కాబట్టి ముందుగా కృతజ్ఞతలు. అయితే ఆ వ్యాసం బాకు వంపులనూ మెరుపునూ మెచ్చుకుని ఆగిపోయింది. దేనివల్ల అది కెరిస్ అవుతుందో చెప్పలేదు. చదివినవారిలో మా కోనసీమ యువ కమ్మరులు కొందరు తామూ అలాంటిది చేసి చూస్తామని ఉత్సాహపడుతున్నారు గనుక, పారిశ్రామిక శిక్షణ సంస్థలో చాలాకాలం కమ్మరం నేర్పిన వాడిగా కొంత వివరంగా రాయడం అవసరమనుకుంటున్నాను.

వంపులు ఉంటేనే కెరిస్ అనుకోవడం సరికాదు. నిటారు అలుగు (పిడి కాక మిగిలిన కత్తి భాగం) గల కెరిస్‌లు జావాలోనూ మలయ్ ద్వీపకల్పంలోనూ కోకొల్లలు. వంపులు పెట్టినప్పుడు మాత్రం సంప్రదాయం ప్రకారం వాటి సంఖ్య బేసిగా ఉండాలి. అసలు గుర్తు పిడి దగ్గర, అలుగు మొదట్లో ఉంటుంది. అక్కడ అలుగు రెండు వైపులా సమానంగా కాక, ఒక వైపు ఎక్కువగా వెడల్పవుతుంది. ఆ మొదలుకు అడ్డంగా ‘గంజా’ అనే ఇనుప ముక్కను, సాధారణంగా విడిగా చేసి, అలుగు తోక దాని రంధ్రంలోంచి పిడిలోకి వెళ్లేలా కూరుస్తారు. పొడవడానికి ఉద్దేశించిన ఆయుధం కాబట్టి పిడి కూడా సూటిగా ఉండక ఒక వైపుకు వంగి ఉంటుంది. ఈ మూడూ లేని వంకర బాకు ఎంత అందంగా ఉన్నా కెరిస్ కాదు, ఆ పేరుతో అమ్మడం న్యాయమూ కాదు.

ఉక్కు విషయంలో మాత్రం ఆ తయారీదారును నేను పూర్తిగా సమర్థిస్తాను. రంపపు పట్టీలకు వాడే, సుమారు 2 శాతం నికెల్ ఉన్న ఉక్కును మామూలు కర్బన ఉక్కుతో పొరలుగా పేర్చి, కాచి, సమ్మెట దెబ్బలతో అతికించడాన్ని కొందరు సంప్రదాయ విరుద్ధమంటారు. కాని ‘పామోర్’ అనే ఆ పొరల చిత్రణ ఎప్పుడూ దొరికిన లోహంతోనే సాగింది. సులవేసి ద్వీపంలోని లువు ప్రాంతపు నికెల్ కలిసిన ఇనుము దానికి ప్రసిద్ధి. జావాలోని ప్రంబనన్ దగ్గర పడిన ఉల్కను 18వ శతాబ్ది చివర్లో సురకర్త రాజప్రాసాదానికి చేర్చిన తరువాత అక్కడి కమ్మరులు దానిలోని ఇనుమునూ వాడారు. లారీ కమాను పట్టీలతో మనవాళ్లు కొడవళ్లు, కొబ్బరి కత్తులు చేస్తున్నట్టే ఇదీను.

నాకు అభ్యంతరం ఉన్నది వంపులు తీసిన పద్ధతి మీద. పొరలు అతికించిన పట్టీని నిటారుగానే ఉంచి, గ్రైండరుతో అంచులు కోసి వంపులు తెచ్చినట్టు మీ వ్యాసంలోని వర్ణనను బట్టి తెలుస్తున్నది. అలా చేస్తే ప్రతి మలుపు దగ్గరా పొరలు అడ్డంగా తెగిపోతాయి. అలుగును ఎర్రగా కాచి, దాగలి మీద ఒక్కొక్క వంపునే కొట్టి తీస్తే పొరలు కూడా వంపు వెంటే నడుస్తాయి. దానికి సహనం కావాలి, ఒక్కొక్కసారి అతుకు విడిపోయి పని మొత్తం పాడవుతుంది కూడా. అయినా చేతిపని అని చెప్పుకునే వస్తువులో ఈ శ్రమను తప్పించుకుంటే మిగిలేది ఆకారమే.

పామోర్‌ను బయటపెట్టడానికి జావాలో అనాదిగా పాషాణాన్ని (ఆర్సెనిక్‌ను) నిమ్మరసంలో కలిపి పూస్తారు. ఇనుము నల్లబడుతుంది, నికెల్ ఉన్న పొరలు వెండిలా నిలుస్తాయి. పాషాణం ప్రాణాంతక విషం. మన కుర్రవాళ్లు దాని జోలికి పోకుండా, ఎలక్ట్రానిక్ బోర్డులు చెక్కడానికి వాడే ఫెర్రిక్ క్లోరైడుతో, గాలి ఆడే చోట, చేతులకు తొడుగులు వేసుకుని చేయాలని గట్టిగా కోరుతున్నాను.

ఈ విద్య మనకు పరాయిది కాదనడానికి మధ్య జావాలోని సుకుహ్ ఆలయాన్ని చెప్పాలి. 15వ శతాబ్దానికి చెందిన ఆ ఆలయంలోని ఒక శిల్పంలో భీముడు కమ్మరిగా ఆయుధం సాగగొడుతుంటే, అర్జునుడు కొలిమికి గాలి ఊదుతున్నాడు. ఇద్దరి మధ్య వినాయకుడు నాట్యమాడుతున్నాడు. భారతం చదివే ప్రతి ఇంటికీ మీ అనుబంధం ఆ శిల్పం చిత్రాన్ని చేర్చి ఉంటే ఎంత బాగుండేది! ఇండోనేషియా కెరిస్‌ను యునెస్కో 2005లో మానవాళి వారసత్వంగా ప్రకటించినప్పుడు గౌరవం దక్కింది ఇలాంటి పరంపరకే.

చివరిగా ఒక విన్నపం. మీరు ప్రచురించిన చిత్రంలో బాకును పట్టుకున్న చేయి, దాని మొదలును పూర్తిగా కప్పేసింది. గంజా విడిగా ఉన్నదో లేదో, అలుగు ఏ వైపు వెడల్పయిందో అందులో కనబడదు. ఆ భాగాన్ని రెండు వైపుల నుంచీ దగ్గరగా తీసిన చిత్రాలు సంపాదించి వచ్చే అనుబంధంలో ప్రచురిస్తే, ఇక్కడ పని మొదలుపెట్టదలచిన వారికి ఎంతో ఉపయోగంగా ఉంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత కమ్మర బోధకుడు,
అమలాపురం