బీరువాలో ఉన్న ట్యాబ్‌లు పిల్లల చేతికి రావాలంటే

సంపాదకుల వారికి నమస్కారం.

నేను గుంటూరులోనూ చుట్టుపక్కల మండలాల్లోనూ ముప్ఫై రెండేళ్ళు ఎస్‌జీటీగా, అంటే చిన్న తరగతుల టీచరుగా, పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలకు వారంలో మూడు రోజులు వెళ్ళి, చదవడంలో వెనకబడ్డ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుంటున్నాను. ఆ బడికి పూర్వ విద్యార్థులు కొందరు చందాలు వేసుకుని ఆరు ట్యాబ్‌లు కొనిచ్చారు. ఏడాది పాటు అవి బీరువా దాటి రాలేదు. చిన్న తరగతుల్లో ట్యాబ్‌లు కావాలా వద్దా అని చాలామంది మాట్లాడుతున్నారు కాబట్టి, అవి బయటికొచ్చాక ఏం జరిగిందో చూసిన మనిషిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

బీరువాలో పెట్టిన హెచ్‌ఎంని నేను తప్పుపట్టను. స్టాకు రిజిస్టరులో ఎక్కిన వస్తువు పోయినా పగిలినా సంజాయిషీ ఇచ్చుకోవలసింది ఆయనే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బడిలో ఒక పెద్ద పెట్టె ఉండేది. ప్రాథమిక బడులకు బోధన సామగ్రి ఇవ్వడానికి 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం కింద వచ్చిన సామాను అందులో ఉండేది. ఇన్‌స్పెక్షన్ రోజున గ్లోబు తుడిచి బల్ల మీద పెట్టేవాళ్ళం, సాయంత్రానికి మళ్ళీ తాళం పడేది. ఆ గ్లోబును వేలితో తిప్పాలని ఎంతమంది పిల్లలు ఆశపడ్డారో నాకు తెలుసు. తిప్పనివ్వని వాళ్ళలో నేనూ ఉన్నాను, ఆ బాధ నాకిప్పటికీ ఉంది. అందుకే ట్యాబ్‌ల విషయంలో ఊరుకోలేకపోతున్నాను.

కిందటి జూన్‌లో బదిలీ మీద వచ్చిన హెచ్‌ఎం గారు "పగిలితే నేను చూసుకుంటాను, తీయండి మేడమ్" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆరు ట్యాబ్‌లూ తరగతిలోకొచ్చాయి.

మూడో తరగతిలో ఒక పాప ఉంది. వాళ్ళమ్మ మిర్చి యార్డు దగ్గర కాయలకు తొడిమలు తీసే పనికి వెళ్తుంది. పాపకు అక్షరాలు వచ్చు, గుణింతాలు వచ్చు, ఒత్తులు మాత్రం కంటికి ఆనవు. అట్ట మీద నేను రాసిచ్చిన "చెట్టు మీద పిట్ట గూడు కట్టింది" అన్న వాక్యాన్ని "చెటు మీద పిట గూడు కటింది" అని గబగబా చదివేసి నా మొహం చూసింది. మామూలుగానైతే నేను "తప్పు, మళ్ళీ చదువు" అనేదాన్ని. ఆ రోజు ట్యాబ్‌లో వాయిస్ రికార్డరు పెట్టి చదివించి, తన గొంతు తనకే వినిపించాను. మొదటిసారి సిగ్గుపడి కొంగులో, అంటే నా కొంగులో, మొహం దాచుకుంది. రెండోసారి వింటూ అట్ట మీద వేలు పెట్టింది. వేలు "పిట్ట" దగ్గర ఆగింది. "టీచర్, పిట కాదు, పిట్ట! కింద ఇంకో ట ఉంది" అంది. నేనేం చెప్పలేదు. తనే మళ్ళీ రికార్డు చేసుకుంది, మళ్ళీ విన్నది. ఆ పూట ఐదుసార్లు చేసింది. నెల తిరిగేసరికి ఒత్తు కనబడితే చాలు, ఆగి నొక్కి పలకడం మొదలెట్టింది. నా సర్వీసులో ఒత్తులు నేర్పడానికి నేను పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు. పిల్ల తప్పును పిల్లే పట్టుకునే దారి ఇన్నాళ్ళకు నాకు ఆ చిన్న మైకులో కనబడింది.

అదే ట్యాబ్‌లో చదువు నేర్పే యాప్ కూడా ఒకటి ఉంది. పిల్లలు పైకి చదివితే తప్పొప్పులు అదే చెబుతుంది. పైన ఫ్యాను చప్పుడు, పక్క గదిలో ఎక్కాలు. పాప సరిగ్గానే చదివినా ఎర్రగీత వచ్చింది. ఇంకోసారి చదివింది, మళ్ళీ ఎర్రగీతే. "దానికి నా గొంతు నచ్చలేదు టీచర్" అని ట్యాబ్ పక్కన పెట్టేసింది. ఆ మాట విని నా ప్రాణం ఉసూరుమంది. ఎనిమిదేళ్ళ పిల్లకు ఒక యంత్రం అలాంటి తీర్పు చెప్పకూడదు. అప్పటి నుంచి ఆ యాప్ వాడటం లేదు, ఉత్త రికార్డరే వాడుతున్నాం. వినేది పాప, పక్కన ఉండేది నేను.

లెక్కల్లోనూ ఇలాంటిదే చూశాను. నాలుగో తరగతి బాబు 52లోంచి 27 తీసివేయమంటే 35 వేశాడు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తాడు, అది పైనున్నా కిందున్నా వాడికొకటే. ట్యాబ్ "మళ్ళీ ప్రయత్నించు" అంది. నాలుగోసారికి వాడు తోచిన అంకెలు నొక్కడం మొదలెట్టాడు. చీపురు పుల్లలు పది పది కలిపి రబ్బరు బ్యాండు వేసి ఐదు కట్టలూ, విడిగా రెండు పుల్లలూ ఇచ్చాను. ఏడు తీయమంటే రెండే ఉన్నాయి. వాడే ఒక కట్ట విప్పాడు. పన్నెండులో ఏడు పోతే ఐదు, మిగిలిన నాలుగు కట్టల్లో రెండు పోతే రెండు. 25. ఆ తర్వాత ట్యాబ్ ఇచ్చిన ఆరు లెక్కలు వరసగా చేశాడు. పుల్లలతో అర్థమైంది, ట్యాబ్‌తో చేయి తిరిగింది. నలభై మంది ఉన్న గదిలో ఒక్కొక్కరికీ విడిగా ఆరేసి లెక్కలు రాసిచ్చి దిద్దడం ఏ టీచరుకు సాధ్యమవుతుంది? ఆ పని ట్యాబ్ చేస్తుంది, వాడు 35 ఎందుకు వేశాడో కనిపెట్టే పని టీచరుదే.

పరిశోధనలు చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంది. ఢిల్లీలో హైస్కూలు వయసు పిల్లలతో చేసిన ఒక అధ్యయనం 2019లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూ అనే పరిశోధన పత్రికలో వచ్చింది. అక్కడ బడి అయ్యాక పిల్లలు రోజూ 45 నిమిషాలు తమ స్థాయికి తగిన ప్రశ్నలు కంప్యూటర్లో చేసేవాళ్ళు, మరో 45 నిమిషాలు చిన్న గుంపుగా ఒక మనిషి దగ్గర నేర్చుకునేవాళ్ళు. నాలుగున్నర నెలల్లో లెక్కల్లో, హిందీలో బాగా ముందుకెళ్ళారు. పెరూ దేశంలో ప్రాథమిక బడుల పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచి వదిలేశారు. తర్వాత 319 బడుల్లో పరీక్షించి చూస్తే లెక్కల్లో గానీ భాషలో గానీ మెరుగు కనబడలేదు. వస్తువు ఇవ్వడానికీ, పక్కన కూర్చోవడానికీ ఉన్న తేడా అదని నేను అనుకుంటున్నాను.

మన రాష్ట్రంలో 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల 8వ తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చారు, మరుసటి ఏడాది కూడా ఇచ్చారు. మా వీధిలో ఒకబ్బాయి పాఠాలు చూసి బాగుపడ్డాడు, ఇంకొకడు దాన్లో ఆటలు ఎక్కించుకున్నాడు. వాడి చేతిలోంచి అది లాక్కోలేక వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పద్నాలుగేళ్ళ వాడి సంగతే అలా ఉంటే ఎనిమిదేళ్ళ పసివాళ్ళ చేతికిచ్చి ఇంటికి పంపుదామా? చిన్న తరగతుల ట్యాబ్ బడి గడప దాటకూడదు. మనిషికొకటి కూడా అక్కర్లేదు, నలుగురికి ఒకటి చాలు. ఒకరు చదువుతుంటే ముగ్గురు వింటారు, వింటూ దిద్దుతారు. కళ్ళ సంగతి కూడా చూసుకోవాలి. కరోనా కాలంలో, 2020లో, కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన ప్రజ్ఞత మార్గదర్శకాల్లో 8వ తరగతి వరకూ ఆన్‌లైన్ క్లాసులు రోజుకు రెండుకు మించొద్దనీ, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు దాటొద్దనీ చెప్పారు. అది బడులు మూసి ఉన్నప్పటి మాట. టీచరు ఎదురుగా ఉన్నప్పుడు ఒక పిల్లకు ఇరవై నిమిషాలు ఎక్కువే.

మరొక్క సంగతి. మిరప కోతల కాలంలో మా పిల్లలు కొందరు అమ్మానాన్నలతో పల్నాడు వైపు వెళ్ళిపోతారు. నెలా నెలన్నరకు తిరిగొచ్చేసరికి తరగతి ఎక్కడికో వెళ్ళిపోయి ఉంటుంది. తరగతిలో ఉన్న స్మార్ట్ టీవీలో పాఠం అందరికీ ఒకేచోట నడుస్తుంది, వీళ్ళకోసం వెనక్కి రాదు. వెళ్ళేముందు ఆ పిల్ల చదివిన రికార్డింగు ట్యాబ్‌లో ఉంటే, వచ్చాక అదే వినిపించి అక్కడి నుంచి ఎత్తుకోవచ్చు. ఈసారి ఇద్దరు పిల్లలతో అలాగే చేశాను. "ఇది నేనేనా?" అని అడిగాడు ఒకడు.

ఇక నేను అడిగేది విద్యాశాఖ వారిని. ప్రాథమిక బడులకు ట్యాబ్‌లు ఎన్ని ఇస్తారన్నది మీ ఇష్టం. ముందు ఒక ఉత్తర్వు ఇవ్వండి: తరగతిలో పిల్లల చేతిలో వాడుతుండగా పగిలిన, పాడైన వస్తువుకు టీచరు గానీ హెచ్‌ఎం గానీ బాధ్యులు కారని, స్టాకు రిజిస్టరులో ఆ మాట రాసి ఆ వస్తువును లెక్కలోంచి తీసేయవచ్చని. దాంతోపాటు బాగుచేయించడానికి స్కూలు గ్రాంటులో కొంత విడిగా ఉంచండి. మా ఆరింటిలో ఒకటి కిందపడి అద్దం బీటలు వారింది, ఇంకోటి చార్జింగ్ ఎక్కడం మానేసింది. వాటిని బాగుచేయించడానికి అయిన డబ్బు హెచ్‌ఎం గారు తన జేబులోంచి పెట్టుకున్నారు. అన్ని బడుల్లోనూ అలాంటి మనిషి ఉండాలంటే కుదరదు కదా.

జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ లోపు ఉత్తర్వు వస్తే, దాని కాపీ పట్టుకుని నేను పనిచేసిన ప్రతి బడికీ నేనే వెళ్ళి బీరువా తాళం తీయమని అడుగుతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
గుంటూరు.